పాత పైపులకు లోపలి పొర వేసే ఉద్యోగం... అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. పరిశ్రమల్లో తుప్పు పట్టిన పైపులైన్ల లోపల ప్లాస్టిక్ గొట్టం తొడిగే సంస్థ ట్రైనీగా తీసుకుంటామంది. డిప్లొమా వాళ్లు నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడానికి రాసే ఈసెట్‌లో మంచి ర్యాంకు కూడా వచ్చింది. వాడికేమో ఉద్యోగం మీదే మనసు. నాకది ఉత్త మరమ్మతు పనిలా కనిపిస్తోంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మరమ్మతు పనేనండీ, కాదనను. కానీ 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి మీ తూర్పు గోదావరి జిల్లాలోనే, నగరం గ్రామంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తుప్పు తిన్న పైపు నుంచి లీకైన గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. పాత పైపుల బాగోగులు చూసే పనిని నేను తక్కువగా చూడలేను.

ఉక్కు పైపు లోపలి కొలత కంటే కాస్త లావైన హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గొట్టాన్ని డై, అంటే ఇరుకైన రంధ్రమున్న అచ్చు గుండా లాగి సన్నం చేస్తారు. బిగువు సడలకుండా అవతలి చివరిదాకా లాగి, అప్పుడు వదులుతారు. గొట్టం మళ్లీ ఉబ్బి ఉక్కు గోడను గట్టిగా పట్టుకుంటుంది. లైను పొడవునా తవ్వక్కర్లేదు, అక్కడక్కడ గోతులు చాలు.

అసలు కష్టం అంతకు ముందే ఉంది. ఈ రకం లైనర్ (లోపలి ప్లాస్టిక్ పొర) ఉక్కు లోపలి తుప్పును ఆపుతుంది, ఒత్తిడిని మోయాల్సింది మాత్రం ఉక్కే. ఆ ఉక్కులో ఇంకా సత్తువ ఉందా? ధ్వని తరంగాలతో పనిచేసే అల్ట్రాసోనిక్ మీటరుతో ఉక్కు గోడ మందం కొలిచి తేల్చాలి. నీరు నిలిచేది అడుగునే కాబట్టి పైన 8 మిల్లీమీటర్లున్న పైపు కింద 5కి అరిగి ఉండవచ్చు. పైభాగం మాత్రమే కొలిచినవారు మోసపోతారు. గ్యాస్ లైనుకైతే మరో చిక్కు. కొంత గ్యాస్ ప్లాస్టిక్‌లోంచి మెల్లగా చొచ్చుకుపోయి గొట్టానికీ ఉక్కుకూ మధ్య పేరుకుంటుంది. లైనులో ఒత్తిడి ఒక్కసారిగా దించితే అదే గొట్టాన్ని లోపలికి నలిపేస్తుంది. ఆ గ్యాస్‌ను బయటికి వదలడానికి వెంట్లు (చిన్న రంధ్రాలు) ఎక్కడెక్కడ పెట్టాలో ముందే ఆలోచించాలి.

గొట్టం లాగే జట్టులో చేరడానికి డిప్లొమా చాలు. లైనర్ వేయాలా, పైపే మార్చాలా అని తేల్చేవారిలో ఒకరు కావాలంటే డిగ్రీ ఉండాలి. అందుకే ఈసారికి బీటెక్ రెండో సంవత్సరంలో చేర్పించండి. ర్యాంకు ఈ ఏటికే పనికొస్తుంది, పాత పైపులు ఎక్కడికీ పోవు. చదువుతూ అల్ట్రాసోనిక్ పరీక్షల్లో లెవెల్-2 శిక్షణ తీసుకోవచ్చు. ప్లాస్టిక్ సంగతులు నేర్చుకోవడానికి విజయవాడలో సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ ఉంది.

అబ్బాయి ఇప్పుడే చేరతానని పట్టుబడితే, ఆ సంస్థను మీరే ఒక మాట అడగండి. పెద్ద పైపులోకి మనిషి దిగేముందు గాలి పరీక్షించి పర్మిట్ రాస్తారా, బయట కాపలా మనిషిని ఉంచుతారా అని. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. ఆ ప్రశ్నకు విసుక్కునే చోటికి మాత్రం పంపవద్దు. ఓపిగ్గా జవాబు చెప్పారా, అయితే వాడు బీటెక్‌లో చేరినా వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ ఇస్తారేమో కూడా అడిగి చూడండి.