కొత్త కారు ఘాట్‌లో తనంతట తాను న్యూట్రల్‌లోకి పోతోంది… మార్చి ఇవ్వమనవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులు కొంత, బ్యాంకు లోను కొంత కలిపి 19 నెలల క్రితం 8 లక్షల 60 వేలకు చిన్న ఏఎంటీ (క్లచ్ తొక్కకుండా గేర్లు తనంతట తానే మారే) కారు కొన్నాను. సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించి ఇంటికి తెచ్చిన రోజు నుంచి మూడు నెలల పాటు బండి ఎలా నడుస్తోందో డైరీ రాశాను. ఆ పేజీలు, జాబ్ కార్డులు (సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు, చేసిన పని రాసిచ్చే కాగితాలు) పంపుతున్నాను. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు తల ముందుకు ఊగేంత కుదుపు. మైలేజీ 22 అన్నారు, ఊళ్లో 12 దాటలేదు. డ్యాష్‌బోర్డులో గిలక్కాయ చప్పుడు. ఘాట్‌లో రెండుసార్లు న్యూట్రల్‌లోకి పోయింది. సర్వీస్ సెంటర్‌కి నాలుగుసార్లు తిరిగాను. 'ఏఎంటీ అంటే ఇంతే సార్, అలవాటవుతుంది' అంటున్నారు. మా ఆవిడ ఆ కారు ఎక్కనంటోంది. చుట్టాల్లో నవ్వులపాలయ్యాను. ఈఎంఐ ఆపేద్దామా అనిపిస్తోంది. బామ్మర్దికి తెలిసిన మెకానిక్ గేర్‌బాక్స్ విప్పి, ల్యాప్‌టాప్ పెట్టి సరిచేస్తానంటున్నాడు. కారు మార్చి ఇమ్మని కేసు వేయవచ్చా? మానసిక వేదనకు 10 లక్షలు వస్తాయా?

జవాబు: మీ డైరీ పదకొండు పేజీలూ చదివాను. తొమ్మిది పేజీల నిండా కుదుపు, మైలేజీ. కేసును తేల్చే మాట ఏడో పేజీ అడుగున ఉంది: '1,140 కి.మీ. సింహాచలం కొండ, రెండో మలుపు. గేరు అంకె పోయి ఎన్ (న్యూట్రల్) పడింది. బండి వెనక్కి జారింది. అమ్మ కేకేసింది.' దాని కిందే 'ప్రసాదం బాగుంది' అని రాసి వదిలేశారు.

ముందు కుదుపు సంగతి తీసి పక్కన పెడదాం. ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. మీ కాలు చేసే క్లచ్ పని, చెయ్యి చేసే గేరు పని యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. క్లచ్ విడదీసి, గేరు మార్చి, మళ్లీ కలిపేలోగా చక్రాలకు ఇంజిన్ శక్తి అందదు. తల ఊగేది అప్పుడే. హనుమంతవాక సిగ్నల్ దగ్గర మీ బండి ఊగినట్టే ఆ మోడల్ బండ్లన్నీ ఎంతో కొంత ఊగుతాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) ప్రకారం లోపం అంటే, చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో, అమ్మినవాళ్లు చెప్పుకున్నదాని ప్రకారమో వస్తువుకు ఉండాల్సిన నాణ్యత, ప్రమాణం తగ్గడం. బండి స్వభావం మీకు నచ్చకపోతే అది లోపం కాదు. 'టెస్ట్ డ్రైవ్ చేసే కదా కొన్నారు' అని అవతలి లాయరు అడిగితే మీ దగ్గర జవాబుండదు. మైలేజీదీ అదే దారి. ప్రకటనలో వేసేది పరీక్షలో తీసిన సర్టిఫికెట్ అంకె. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని అంతే వస్తుందని మీకెవరూ రాసివ్వలేదు. ఇక గిలక్కాయ చప్పుడంటారా, ఏ క్లిప్పో బిగిస్తే పోయేది. ఈ మూడింటినీ ఫిర్యాదు మొదటి పేజీలో పెడితే మిమ్మల్ని చాదస్తుడి కింద జమకడతారు.

ఎత్తులో నడుస్తున్న బండి న్యూట్రల్‌లోకి పోయి వెనక్కి జారడం మాత్రం వేరే సంగతి. అయితే దానికీ కంపెనీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. 'ముందు బండ్లు ఆగినప్పుడు ఈయన బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ మీదే బండిని ఎత్తులో నిలబెట్టాడు. క్లచ్ వేడెక్కి బండి న్యూట్రల్‌లోకి పోయింది. తప్పు నడిపినవాడిది' అంటారు. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: తప్పు డ్రైవర్‌దా, యంత్రానిదా? యంత్రానిదేనని నిరూపించాల్సిన బాధ్యత మీది.

మరి నిరూపించడానికి మీ చేతిలో ఏముంది? నాలుగు జాబ్ కార్డులూ చూశాను. ఒక్కదాంట్లోనూ న్యూట్రల్ అన్న మాట లేదు. ఒకటి జనరల్ చెకప్. ఇంకోదాంట్లో 'జర్క్ – డ్రైవింగ్ పద్ధతి వివరించాం'. మూడోది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, నాలుగోది ఫ్రీ సర్వీస్. నాలుగింటి కిందా 'పని తృప్తికరం' అన్న గడిలో మీ సంతకం! కూరగాయల బండి దగ్గర ముల్లు చూడకుండా డబ్బులివ్వరు, ఎనిమిదిన్నర లక్షల బండి కాగితం మీద చదవకుండా సంతకం పెట్టారు. చాలనట్టు, సేల్స్ కుర్రాడు బతిమాలాడని ఫీడ్‌బ్యాక్ కాల్‌లో 10కి 10 ఇచ్చానని డైరీలో మీరే రాసుకున్నారు. ఆ రికార్డింగ్ వాళ్ల దగ్గర ఉందనే అనుకోండి. నోటితో చాలాసార్లు చెప్పానంటారు. వినియోగదారుల కమిషన్‌లో విచారణ చాలావరకు అఫిడవిట్లు, కాగితాల మీదే నడుస్తుంది.

బామ్మర్ది మెకానిక్‌ను ఆ బండి దరిదాపులకు రానివ్వకండి. ఈ జవాబులో మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి. గేర్‌బాక్స్ బయట విప్పిన మరుక్షణం వారంటీ పోయిందంటారు. అది పోయినా కొంత పోరాడవచ్చు. సాక్ష్యం పోతే చేసేదేమీ లేదు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే అదే చట్టం సెక్షన్ 38(2)(సి) కింద కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపుతుంది. బయటివాడు ల్యాప్‌టాప్ పెట్టి పాత ఫాల్ట్ కోడ్లు (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల గుర్తులు) చెరిపేశాక ఆ పరీక్షలో దొరికేదేముంది? 'లోపం ఆ మెకానిక్ తెచ్చిపెట్టిందే' అని కంపెనీ ఒక్క ముక్క అంటే చాలు.

ఈఎంఐ కూడా ఆపకండి. లోను మీకూ బ్యాంకుకూ మధ్య విడి ఒప్పందం. కారు బాగోలేదన్నది బ్యాంకుకు పట్టదు. సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కు) చెడుతుంది, బండి పట్టుకుపోతే పరీక్షకు పెట్టడానికి బండే ఉండదు. విసిగి అమ్మేస్తే మీరసలు ఇంకా వినియోగదారేనా అన్న పేచీ వస్తుంది.

ఇక గడువు. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంగతి) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మీరు ముచ్చటపడి రాసుకున్న డైరీయే ఇక్కడ మీ మెడకు చుట్టుకుంటుంది. లోపం ఫలానా రోజున, 1,140 కి.మీ. దగ్గర తెలిసిందని మీ చేతిరాతతోనే ఉంది. చివరి సర్వీస్ నుంచి లెక్కపెట్టండి అనే వాదన ఉంది కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. డెలివరీ తేదీ నుంచే లెక్కేసుకుంటే మీకు మిగిలింది 5 నెలలు. షోరూంకి ఉత్తరాలు రాసినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. అవతలివాళ్లు ఎత్తకపోయినా గడువు సంగతి కమిషన్ తనంతట తానే చూడాలని 2009లో స్టేట్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నిస్తారు. 'చూస్తాం సార్ అన్నారండి' అన్నది అందుకు చాలుతుందని నేననుకోను.

ఈ వారంలోనే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి కొత్త జాబ్ కార్డు తెరిపించండి. 'ఎత్తు రోడ్డు మీద గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి పోయి బండి వెనక్కి జారుతోంది' అనే మాటలే, రెండు ఘటనల తేదీలు, మీటర్ రీడింగులతో సహా అందులో పడాలి. 'జర్క్' అని రాస్తే ఒప్పుకోకండి. స్కాన్ చేసి, ఫాల్ట్ కోడ్ల ప్రింటు అడగండి. అదే ఘాట్‌లో రోడ్డు టెస్ట్ పెట్టమనండి. వాళ్ల సర్వీస్ ఇంజనీరే స్టీరింగ్ పట్టాలి, అదే మోడల్ ఇంకో బండీ వెంట రావాలి. ఆ బండి ఎక్కి, మీది జారితే డ్రైవింగ్ తప్పన్న వాదన అక్కడే వీగిపోతుంది. కుదరదంటే ఆ మాట కూడా మీకు సాక్ష్యమే, అదే రోజు షోరూంకీ కంపెనీకీ ఈ-మెయిల్ పెట్టి ఉంచండి. పరీక్ష అయ్యేదాకా అమ్మగారిని ఆ బండిలో కొండెక్కించకండి.

రెండోసారి జారినప్పుడు మీ ఆవిడ తీసిన 40 సెకన్ల వీడియోలో ఎన్ అక్షరం, మీటర్ రీడింగు కనిపిస్తున్నాయన్నారు. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాదు, భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో అసలుదే దాఖలు చేయాలి. డైరీలో ఏమీ దిద్దకండి. ప్రసాదం మాట కూడా అలాగే ఉండాలి. అలాంటి మాటలున్నప్పుడే అది కేసు కోసం అల్లింది కాదని తెలుస్తుంది.

తర్వాత షోరూంకీ కంపెనీకీ 15 రోజుల నోటీసు ఇచ్చి, జవాబొచ్చినా రాకున్నా ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. మీ నివాసం విశాఖలోనే కాబట్టి, కంపెనీ ఎక్కడున్నా ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కనుక పరిధి దానిదే. 5 నుంచి 10 లక్షల మధ్య ధరకు ఫీజు 200 రూపాయలు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలోనూ దాఖలు చేయవచ్చు. ఫిర్యాదుతో పాటే నిపుణుల పరీక్ష కోరుతూ విడిగా దరఖాస్తు పెట్టండి. ఖర్చు మొదట మీరే కట్టాలి.

కారు మార్చాలనో డబ్బు వాపసు ఇవ్వాలనో అడగండి, కానీ అంతటితో ఆపకండి. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు వారంటీ షరతు చూసి, లోపమున్న భాగం మార్చడమే కంపెనీ బాధ్యత, కారంతా కాదంది. 2010లో ఫియట్ ఇండియా కేసులో మాత్రం స్వతంత్ర నిపుణుడు పరీక్షించి తయారీ లోపం ఉందంటే డబ్బు వాపసు ఇవ్వాలని చెప్పింది. అందువల్ల, కారు మార్చడం, డబ్బు వాపసు కుదరకపోతే గేర్‌బాక్స్, యాక్చుయేటర్, క్లచ్ మొత్తం సెట్టు కొత్తది వేసి, దానికి కొత్తగా వారంటీ ఇవ్వాలని కూడా కోరండి. 10 లక్షల మానసిక వేదన కొట్టేయండి, 50 వేలు అడగండి.

జాబ్ కార్డు చేతికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని చదివి, 'తృప్తికరం' గడిని అడ్డంగా కొట్టేసి, అప్పుడు సంతకం పెట్టండి. కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే ఒక ఫొటో తీసుకోండి.