సైన్యానికి సలహాదారు ఉద్యోగం: మోజు అమ్మాయిదా, నాన్నదా?

ప్రశ్న: అమెరికాలో స్థిరపడిన కుటుంబం మాది. అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడి పౌరురాలే. ఆంత్రోపాలజీలో (మనుషుల సమాజాలు, సంస్కృతుల గురించిన శాస్త్రం) పీహెచ్‌డీ రెండో ఏడాది. యుద్ధం జరిగే చోట్ల స్థానిక సంస్కృతి గురించి సైన్యానికి సలహాలిచ్చే సోషల్ సైంటిస్టులకు ఏడాదికి రెండు లక్షల డాలర్ల పైనే ఇస్తారని విన్నాను. యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకోవడం కన్నా ఇది మేలు కదా? జీతం, ప్రమాదం రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం ఉంది, ప్రమాదం ఉంది, అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, ఉద్యోగం పేరు మారుతుందంతే. "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని నలుగురిలో అడిగితే ఆంత్రోపాలజీ అని చెప్పి, అదేమిటో మళ్లీ వివరించాల్సి రావడం మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. 'సైన్యంలో సలహాదారు' అంటే ఇక వివరించక్కర్లేదు. మీకు నచ్చింది ఆ సౌకర్యమేనేమో ఒకసారి చూసుకోండి.

ముందు అసలు సంగతి చెబుతాను. మీరు విన్న ఉద్యోగం ఇప్పుడు లేదు. అమెరికా సైన్యం 'హ్యూమన్ టెరైన్ సిస్టమ్' అనే పథకం పెట్టి, 2007లో మొదటి టీమ్‌ను అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్‌కు పంపింది. తర్వాత ఇరాక్‌కూ పంపింది. ఊరి పెద్ద ఎవరు, తగాదా దేని గురించి, ఎవరి మాట ఎవరు వింటారు లాంటివి తెలుసుకుని కమాండర్‌కు చెప్పడం వాళ్ల పని. 2014లో మూసేశారు. అప్పటికి ఖర్చు 70 కోట్ల డాలర్లు దాటింది. మీరు విన్న జీతం అబద్ధం కాదు, పాతది. కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లకు మొదట్లో అలాగే ఇచ్చారు. 2009లో వాళ్లను ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చి జీతాలు బాగా తగ్గించేసరికి చాలామంది మానేశారు. వెళ్లినవాళ్లలో ఎందరికో అఫ్గాన్ భాషలైన పష్తో గానీ దరీ గానీ రాదు. సంస్కృతి నిపుణులు దుభాషీని పట్టుకుని తిరగాల్సి వచ్చింది!

ప్రమాదం గురించి అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. ముగ్గురు సోషల్ సైంటిస్టులు చనిపోయారు. 2008లో మైకేల్ భాటియా ఖోస్త్‌లో, నికోల్ సువెజెస్ బాగ్దాద్‌లో బాంబు పేలుళ్లకు బలయ్యారు. మూడో మనిషి పౌలా లాయిడ్. అంతకుముందు సైన్యంలోనూ పనిచేసింది, అఫ్గానిస్థాన్‌లోనూ పనిచేసింది, తెలియక వెళ్లిన మనిషి కాదు. ఆ ఏడాది నవంబరులో కాందహార్ ప్రాంతంలోని ఒక ఊళ్లో, పెట్రోలు డబ్బా పట్టుకున్న ఒకతనితో మాట్లాడుతోంది. పెట్రోలు ధరల మీదే మాటలు నడుస్తున్నాయి. ఉన్నట్టుండి అతను ఆ పెట్రోలు ఆమె మీద పోసి నిప్పంటించాడు. రెండు నెలలు ఆస్పత్రిలో ఉండి, 2009 జనవరిలో చనిపోయింది. దాడి చేసినతన్ని పట్టుకుని చేతులు కట్టేశాక, ఆమె టీమ్‌లోని మనిషే ఒకడు కాల్చి చంపాడు. అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

ప్రాణభయం ఒక్కటే అయితే ఇంత రాయను. నా అసలు అనుమానం వేరే ఉంది. ఆంత్రోపాలజీలో మొదటి పాఠం, మనం ఎవరిని ప్రశ్నలు అడుగుతున్నామో వాళ్లకు హాని జరగకూడదని. వాళ్లు ఇష్టపడి చెప్పాలి, వద్దంటే వదిలేయాలి. తుపాకులు పట్టుకున్న సైనికుల మధ్య నిలబడి "మీకిష్టమైతేనే చెప్పండి" అంటే వద్దనే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికుంటుంది? ఆ చెప్పిన మాట రేపు మ్యాపు మీద దాడి గుర్తుగా మారితే? అమెరికన్ ఆంత్రోపాలజికల్ అసోసియేషన్ 2007 అక్టోబరులోనే ఈ పథకాన్ని తప్పుబట్టింది. (ఇదే సంఘం, పరిశోధన ముసుగులో గూఢచర్యం చేశారని సహోద్యోగులను విమర్శించినందుకు అమెరికాలో ఆంత్రోపాలజీకి పునాది వేసిన ఫ్రాంజ్ బోయాస్‌ను 1919లో అభిశంసించింది. ఆ తీర్మానాన్ని రద్దు చేయడానికి 2005 దాకా పట్టింది. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడానికి టైమ్ తీసుకుంటారు లెండి.)

రెండో పక్షం వాదన కూడా వినాలి. స్థానికుల పద్ధతులు తెలిస్తే సైన్యం అనవసరంగా తలుపులు బద్దలుకొట్టదు, ప్రాణాలు దక్కుతాయి అన్నారు. పథకాన్ని నడిపినవాళ్లలో ఒకరైన మాంట్‌గోమరీ మెక్‌ఫేట్ స్వయంగా ఆంత్రోపాలజిస్టే. ఆమెకు ఆ ఉద్దేశం లేదని నేననను. కానీ ఉద్దేశం ఒకరిది, సమాచారం వాడేది మరొకరు. ఆ తేడా మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. బహుశా అందుకే మీ దగ్గర ఈ మాట ఎత్తలేదేమో.

ఇక మీ టెన్షన్. యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టులు తక్కువ, అది నిజం. అంతమాత్రాన ఆ చదువు వృథా కాదు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు, శవాన్ని తాకి కడిగే ఆచారం ఉన్నచోట అంత్యక్రియలు ఎలా జరిపితే జనం ఒప్పుకుంటారో చెప్పడానికి ఆంత్రోపాలజిస్టులే కావాల్సి వచ్చారు. పాత యుద్ధాల్లో చనిపోయిన సైనికుల ఎముకలను గుర్తించి కుటుంబాలకు అప్పగించే అమెరికా రక్షణ శాఖ ల్యాబ్‌లో పనిచేసేది ఈ శాస్త్రంలో ఒక శాఖవాళ్లే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడకందార్లను అర్థం చేసుకోవడానికి వీళ్లను తీసుకుంటాయి. సైన్యం అంటే నిజంగానే ఆసక్తి ఉంటే సైనికాధికారులు చదువుకునే వార్ కాలేజీల్లో పాఠాలు చెప్పవచ్చు. మెక్‌ఫేట్ కూడా ఆ తర్వాత నేవల్ వార్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు.

పోలిక అడిగితే కథలు చెప్పానని మీకు కోపం రావచ్చు. ఎవరికోసం పోల్చాలో తెలియకుండా ఎలా పోల్చనండి? మీ అమ్మాయి ఏ ఊరి మీద, ఏ జనం మీద పరిశోధన చేస్తోందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి, జీతం ఊసెత్తకుండా. ఆ తర్వాత ఉత్తరం తననే రాయమనండి. జవాబిస్తాను.