“నిరుత్సాహపరిచింది” ఎందుకు అతకడం లేదంటే

రాజీనామా చేయబోతున్న తమ్ముణ్ణి అక్క ఆపబోయిందని చెప్పడానికి మీ కథలో రాసిన “రాజీనామా చేయకుండా తమ్ముణ్ణి నిరుత్సాహపరిచింది” అన్న వాక్యంలో ఇబ్బందంతా క్రియతోనే. నిరుత్సాహపరచడం మనిషి హుషారు మీద పడే దెబ్బ. పనిని ఆపడం వేరే సంగతి. పైగా “చేయకుండా” తగిలించేసరికి అర్థం తలకిందులైంది.

1. ముందు ఇది తేల్చుకోండి: తమ్ముడు చివరికి ఆగాడా, లేదా? చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఆగకపోతే “వారించింది”. ఇది ప్రయత్నం మాత్రమే చెబుతుంది. అందుకే “ఎంత వారించినా వినలేదు” అంటాం.
ఆగితే “మాన్పించింది”. ఫలితం ఆ మాటలోనే ఉంది. “మాన్పించింది కానీ వాడు మానలేదు” అంటే నవ్వొస్తుంది.

2. విభక్తి చూసుకోండి. తమ్ముణ్ణి వారించింది, తమ్ముడి చేత రాజీనామా ఆలోచన మాన్పించింది.

3. అక్క బతిమాలి, ఓపిగ్గా చెప్పి ఉంటే “నచ్చజెప్పి ఆపింది” చాలు. నాకైతే ఇదే ఇష్టం, ఇంట్లో మాట్లాడుకునే మాటలా ఉంటుంది.

4. “నివారించు” జోలికి పోకండి, అది జబ్బులకూ ప్రమాదాలకూ. “అడ్డుపుల్ల వేసింది” అంటే అక్క దుర్బుద్ధి గలదైపోతుంది. “నీరుగార్చింది” ఉత్సాహానికి వాడతాం, మనిషికి కాదు.

మీ కథలో తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడన్నారు కదా, అయితే ఇలా:

“అక్క గుమ్మం దాకా వచ్చి వారించింది. వాడు చెప్పులు వేసుకున్నాడు.”