పచ్చి శనక్కాయలకు మామూలు కుక్కర్ చాలదక్కా
ఉడికించిన శనక్కాయల్ని సీసాల్లో పెట్టి, ఇంట్లో కుక్కర్లోనే నాలుగు విజిల్స్ ఇస్తే ఏడాది నిల్వుంటాయా అని అడిగారు కదా. వద్దక్కా. పులుపు లేని వాటిలో బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషం తెచ్చే క్రిమి బీజాలు మరిగే నీళ్లకు చావవు, 116 డిగ్రీలైనా కావాలి. చిన్న కుక్కర్ తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, సీసా నడుమకు ఆ వేడి చేరిందో లేదో తెలీదు.

కొంటే, లీటరు సీసాలు నాలుగైనా పట్టే ప్రెషర్ క్యానరే (సీసాల్ని ఆవిరి ఒత్తిడిలో వేడిచేసే పెద్ద పాత్ర) కొనండి. నా ఓటు మూత మీద బరువు పెట్టి ఒత్తిడిని అదుపు చేసే రకానికే. ఒత్తిడిని ముల్లుతో చూపే డయల్ రకాన్ని ఏటా పరీక్ష చేయించాలి, ఆ తిరుగుడు ఎవరికి కావాలి!

మూత బిగించాక ఆవిరిని 10 నిమిషాలు ధారగా పోనిచ్చి, అప్పుడు బరువు పెట్టండి. మన అనంతపురం 1,000 అడుగుల ఎత్తు దాటింది కాబట్టి 10 పౌండ్ల ఒత్తిడి బరువు కాదు, 15 పౌండ్లదే. ఎన్ని నిమిషాలన్నది క్యానర్ పుస్తకంలో ఆ పదార్థానికి ఇచ్చినదే పాటించండి. ఆపాక, మనం కుక్కర్‌ను పెట్టినట్టు కుళాయి కింద మాత్రం పెట్టొద్దు, సీసాలు పగులుతాయి.