సామ్యమా, స్వామ్యమా?

సందేహం: మా అమ్మాయి డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు చదువుతోంది. "సామ్యవాదం, పెట్టుబడిదారీ విధానం: తేడాలు" అనే వ్యాసం రాస్తూ మూడు అనుమానాలు తెచ్చింది. హిందీలో సామ్యవాద్ అంటే కమ్యూనిజమని, సోషలిజాన్ని సమాజ్‌వాద్ అంటారని ఆమె స్నేహితురాలు చెప్పిందట. అలాంటప్పుడు మన రాజ్యాంగ పీఠికలో సామ్యవాదం అని ఎందుకుంది? ఇంగ్లీషులో రెండూ ఇజాలే కదా, తెలుగులో ఒకటి వాదం, ఇంకొకటి విధానం ఎలా అయ్యాయి? పెట్టుబడిదారి అనాలా, పెట్టుబడిదారీ అనాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: స్నేహితురాలు చెప్పింది నిజమే. హిందీవాళ్లకు సామ్యవాద్ కమ్యూనిజం, సమాజ్‌వాద్ సోషలిజం. 1976లో 42వ సవరణతో పీఠికలోకి సోషలిస్టు అనే మాట వచ్చింది. హిందీ ప్రతిలో అది 'సమాజ్‌వాదీ', తెలుగు ప్రతిలో 'సామ్యవాద'. ములాయం సింగ్ యాదవ్ 1992లో పెట్టిన సమాజ్‌వాదీ పార్టీ పేరును మన పత్రికలు తెలుగు చేయకుండా ఉన్నదున్నట్టు రాస్తాయి కాబట్టి ఈ తేడా మన కంట పడదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు ఇల్లు మారినప్పుడు అర్థం కూడా మార్చుకోవడం కొత్తేమీ కాదు. ఉపన్యాసం మనకు ప్రసంగం, హిందీవాళ్లకు నవల. అవకాశం మనకు వీలు, వాళ్లకు సెలవు. స్నేహితురాలిది హిందీలో ఒప్పు, పీఠికలోది తెలుగులో ఒప్పు.

మన దగ్గర కమ్యూనిజానికి సంస్కృత సమాసమేదీ జనం నోట నిలబడలేదు. పార్టీ పేరు, జెండా, గోడమీద రాతలు అన్నీ కమ్యూనిస్టు అనే మాటతోనే నడిచాయి. ఊళ్లలో 'కమ్యూనిస్టోళ్లు' అంటే అర్థం కానివాళ్లు లేరు. అందుకే సామ్యవాదం అనే మాట ఖాళీగా దొరికి సోషలిజానికి దక్కిందని నా అనుకోలు.

అయితే ఆ మాటతో నాకొక పేచీ ఉంది. సామ్యం 'సమ' నుంచి వచ్చింది. సమానత్వం అని ఒక అర్థం, పోలిక అని ఇంకో అర్థం. మామూలు తెలుగులో రెండోదే ఎక్కువ వినిపిస్తుంది, "ఆ ఇద్దరి నడకకూ ఎంత సామ్యమో" అన్నట్టు. పీఠికలోనే కాస్త ముందుకు వెళ్తే 'ప్రజాస్వామ్య' ఉంటుంది. అందులో ఉన్నది సామ్యం కాదు, స్వామ్యం. అది 'స్వామి' నుంచి పుట్టింది. స్వామి అంటే సొంతదారు, ఏలిక. ప్రజలే ఏలికలైతే ప్రజాస్వామ్యం, భూమి గలవాడు ఏలికైతే భూస్వామ్యం. వకారం ఒక్కటి జారితే అర్థం వేరే దారి పడుతుంది.

ఇదంతా ఎందుకంటే, అమ్మాయి రాయబోయే వ్యాసానికి కీలకం ఇక్కడే ఉంది. రెండు ఆర్థిక వ్యవస్థలను విడదీసే గీత సామ్యం దగ్గర లేదు, స్వామ్యం దగ్గర ఉంది. మిల్లు ఎవరిది, గని ఎవరిది, బ్యాంకు ఎవరిది? ప్రైవేటు మనుషులదై, లాభం కోసం కూలీలను పెట్టి నడిపితే పెట్టుబడిదారీ వ్యవస్థ. సమాజానిదో, సమాజం పేరున ప్రభుత్వానిదో అయితే సోషలిస్టు వ్యవస్థ. కానీ సామ్యవాదం అనే పేరు చూడగానే విద్యార్థి కలం సమానత్వం వైపు పోతుంది. "ఈ వ్యవస్థలో అందరికీ ఒకే జీతం ఉంటుంది" అని రాసేస్తాడు. సోవియట్ యూనియన్‌లో అలా లేదు. జీతాలన్నీ ఒకే మట్టానికి తేవడాన్ని స్టాలినే 1931లో గట్టిగా తప్పుపట్టాడు. 1936 సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణం ప్రతి ఒక్కరికీ వారి పనిని బట్టి ప్రతిఫలం అంది. పనిని బట్టి కాకుండా అవసరాన్ని బట్టి ఇవ్వడం ఇంకా పై దశలో సంగతి అని మార్క్స్ 1875లోనే చెప్పి ఉన్నాడు. అక్కడ మారింది ఫ్యాక్టరీ సొంతదారు. ఇంజనీరుకూ స్వీపరుకూ జీతంలో తేడా అలాగే ఉండిపోయింది.

మన పీఠిక మాట వేరు. 1955లో మద్రాసు దగ్గరి ఆవడిలో జరిగిన కాంగ్రెస్ మహాసభ 'సోషలిస్టు తరహా సమాజం' కావాలంది. 'తరహా' అనే మాట ఊరికే వేసింది కాదు. ప్రభుత్వ రంగం పక్కనే ప్రైవేటు రంగమూ సాగింది, దానికి మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అని పేరొచ్చింది. పీఠికలోని సోషలిస్టు పదం సంక్షేమ రాజ్యాన్ని, అవకాశాల్లో సమానత్వాన్ని సూచిస్తుందని, ఫలానా ఆర్థిక విధానానికి ప్రభుత్వాన్ని కట్టిపడేయదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. ఆ అర్థానికి సామ్యవాదం చక్కగా సరిపోతుంది. పీఠిక గురించి రాసేటప్పుడు సామ్యవాదం అనండి, ఆర్థికశాస్త్ర వ్యాసంలో సోషలిజం, సోషలిస్టు వ్యవస్థ అనండి. ఇంగ్లీషు మాటైనా అపార్థానికి తావివ్వదు. పేపర్లు దిద్దే రోజుల్లో సామ్యవాదం బదులు సామ్రాజ్యవాదం అని రాసిన జవాబులు నేను చాలా చూశాను. సామ్రాజ్యవాదం పెట్టుబడిదారీ విధానానికి అత్యున్నత దశ అని 1916లో రాసిన లెనిన్ వాటిని చూసి ఉంటే ఏమయ్యేవాడో!

ఇక వాదం, విధానం సంగతి. ఇది తెలుగు చేసిన తెలివైన పని అని నాకనిపిస్తుంది. హిందీలో పెట్టుబడిదారీ విధానాన్ని పూంజీవాద్ అని, దానికీ వాదమే తగిలించారు. కన్నడంలో బండవాళశాహి అంటారు, అక్కడ బండవాళం అంటే పెట్టుబడి, శాహి అంటే ఏలుబడి. తెలుగు మాత్రం 'విధానం' దగ్గర ఆగింది. వాదం ఒకరు నోటితో చెప్పేది, విధానం పని జరిగే తీరు. చరిత్ర కూడా దాదాపు ఇలాగే ఉంది. సోషలిజం ముందు ఆలోచనగా పుట్టింది. బ్రిటన్‌లో మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ వంటివారు ముందు బోధించి, తర్వాత చేసి చూడబోయారు. ఓవెన్ 1825లో అమెరికాలోని ఇండియానాలో ఒక ఊరిని కొని, న్యూ హార్మొనీ అనే సమాజాన్ని అలాగే మొదలుపెట్టాడు. రెండు మూడేళ్లలోనే అది చెదిరిపోయింది. పెట్టుబడిదారీ విధానం మాత్రం ఎవరూ ప్రతిపాదించకుండానే వర్తకంలో, మిల్లుల్లో, బ్యాంకుల్లో పెరిగింది, పేరు ఆ తర్వాత వచ్చింది. 1776లో అచ్చయిన ఆర్థికశాస్త్రవేత్త ఆడం స్మిత్ గ్రంథంలో కేపిటలిజం అనే మాటే లేదు. 19వ శతాబ్దంలో ఆ పేరును వాడుకలోకి తెచ్చినవాళ్లలో లూయీ బ్లాంక్, ప్రూధాన్ వంటి విమర్శకులే ముందున్నారు. మార్క్స్ కూడా కేపిటలిజం అనడం బహు అరుదు. ఆయన ఎప్పుడూ అనేది 'పెట్టుబడిదారీ ఉత్పత్తి విధానం' అని. మన మాటలో విధానం అక్కడి నుంచే వచ్చిందని నమ్మడానికి బాగానే వీలుంది. మార్క్సిస్టు సాహిత్యం తెలుగులోకి ఎంత వచ్చిందో తెలిసిందే కదా.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. వాదాన్నీ విధానాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు రాయమంటే, ఒకవైపు కోరికా రెండోవైపు వాస్తవమూ కూర్చుంటాయి. ఆ తూకం ఎటో ఒకవైపు మొగ్గక మానదు. సామ్యవాదం వైపు ఆశయాలు రాసి, పెట్టుబడిదారీ వైపు దోపిడీ, నిరుద్యోగం రాసిన జవాబులున్నాయి. తలకిందులుగా రాసినవీ ఉన్నాయి, ఇటు ఆడం స్మిత్ చెప్పిన స్వేచ్ఛ, అటు మాస్కో దుకాణాల ముందు క్యూలు. పోల్చేటప్పుడు వ్యవస్థ పక్కన వ్యవస్థనే పెట్టాలి. 1928లో మొదటి పంచవర్ష ప్రణాళికతో నడక మొదలుపెట్టి, ధరలు కూడా ప్రభుత్వమే నిర్ణయించిన సోవియట్ వ్యవస్థ ఒకవైపు, అదే కాలపు అమెరికా వ్యవస్థ ఇంకోవైపు. అప్పుడు అమ్మాయి వ్యాసానికి శీర్షిక 'సోషలిస్టు, పెట్టుబడిదారీ ఆర్థిక వ్యవస్థలు' అవుతుంది. మార్కెట్ ఉంటే చాలు పెట్టుబడిదారీ అనుకోవద్దని కూడా చెప్పండి. చైనా కమ్యూనిస్టు పార్టీ 1992లో 'సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ' అని ప్రకటించింది. అది ఎంతవరకు సోషలిజమనే తగవు వేరు.

పెట్టుబడి అనే మాట గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. రాబడి, దిగుబడి, చెల్లుబడి వరసలోది ఇది. వచ్చేది రాబడి, పంట దిగేది దిగుబడి, పెట్టేది పెట్టుబడి. కేపిటల్ అనే మాటకు మూలం లాటిన్‌లో తల, కాపుట్. తలలు లెక్కపెట్టే పశుసంపదకు ఇంగ్లీషులో ఉన్న కేటిల్ అనే మాటా అక్కడిదే. ఉత్తరాంధ్రలో పశువులను సొమ్ములు అనేవారిని వింటే ఆ చుట్టరికం అర్థమవుతుంది. తెలుగు పెట్టుబడి మాత్రం తలనూ పశువునూ పట్టించుకోకుండా చేతి పనిని చూసింది. అందుకే రైతు "ఎకరానికి ఎంత పెట్టుబడి అయింది?" అంటే విత్తనాలు, ఎరువులు, కూలీ అన్నీ అందులోకే వస్తాయి. తెలంగాణలో 2018లో రైతుబంధు కింద పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇవ్వడం మొదలైనప్పుడు దాన్ని పెట్టుబడి సాయం అన్నారు. అంత పెట్టుబడి పెట్టే రైతును మాత్రం ఎవరూ పెట్టుబడిదారు అనరు. షేర్లు కొనే చిన్న ఉద్యోగిని అలా అనడానికీ నోరు రాక, ఇన్వెస్టరుకు పత్రికలు మదుపరి అనే మంచి మాటను వాడుకలోకి తెచ్చాయి.

చివరిగా దీర్ఘం. పెట్టుబడిదారు మనిషి, పెట్టుబడిదారీ ఆ మనిషికి సంబంధించినది. 'దార్' ఫారసీ ప్రత్యయం, కలిగినవాడు అని అర్థం. జమీందారు, కౌలుదారు, వాటాదారు, ఖాతాదారు అన్నిట్లోనూ అదే ఉంది. జమీందారు నుంచి జమీందారీ వచ్చినట్టే పెట్టుబడిదారు నుంచి పెట్టుబడిదారీ. పెట్టుబడి తెలుగు, దారీ ఫారసీ, విధానం సంస్కృతం. ఇన్ని కలిసినా నోటికి ఎబ్బెట్టుగా లేదు, అందరికీ అలవాటైపోయింది. 'పెట్టుబడిదారి విధానం' అని హ్రస్వం రాస్తే మాత్రం పెట్టుబడి వెళ్లే దారి అన్నట్టుంటుంది. దానికి అరమార్కు కోస్తే, దిద్దినవాళ్లతో తగవు పెట్టుకోవద్దని అమ్మాయికి చెప్పండి.