ఒమన్ నీలిగుంటలో ఈత

ప్రశ్న: మస్కట్‌లో ఉన్న మా అబ్బాయి బిమ్మా గుంటలో ఈతకు తీసుకెళ్తానంటున్నాడు. దిగొచ్చా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈత వస్తే నిక్షేపంగా దిగండి. సూర్ వెళ్లే దారిలో, దిబాబ్ దగ్గరి పార్కులో ఉందది. ఉల్క పడి ఏర్పడిందని అక్కడివాళ్ల కథ. నిజానికి నేల కింది సున్నపురాయి నీటికి కరిగి బోలుపడి, దాని పైకప్పు కూలింది. అందుకే అక్కడి రాళ్లు మన తలకోన బండల్లా నున్నగా ఉండవు, కాళ్లు కోసుకుపోతాయి. పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. మెట్ల దగ్గర లోతు తక్కువ, కాస్త ముందుకెళ్తే ఒక్కసారిగా పెరుగుతుంది. గట్టు మీంచి దూకడం మాత్రం వద్దేవద్దు. సముద్రపు నీరు కలుస్తుంది కాబట్టి ఉప్పగా ఉంటుంది, కళ్లు మండుతాయి. కాళ్లు కదపకుండా కూర్చుంటే చిట్టి చేపలొచ్చి మడమల తోలు కొరుకుతాయి. చక్కిలిగింతే, భయం లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు, జనం ఎక్కువ.