రంగు కడ్డీ వెలిగించే ముందు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీకి పాలిమర్‌లో రంగు కలిపి లేజర్ చేస్తావట, మీ అమ్మ చెప్పింది. ఆ పూటంతా గర్వంగా తిరిగాను. రాత్రికి గుబులు మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

రంగు కలిపిన పాలిమర్ కడ్డీ పోత గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. పాలిమర్‌గా మారే ద్రవంలో, అంటే మోనోమర్‌లో, ముందే గట్టిపడకుండా కలిపి ఉండే ఇన్హిబిటర్ తీసెయ్యి, రంగు పూర్తిగా కరిగాక సన్నటి ఫిల్టర్‌లో వడకట్టు. గట్టిపడటం మొదలుపెట్టించే ఇనీషియేటర్‌గా బెంజాయిల్ పెరాక్సైడ్ వద్దు, అది రంగునే తినేస్తుంది, ఏఐబీఎన్ అనే వేరే ఇనీషియేటర్ వాడు. వేడి మెల్లగా పెంచు. తొందరపడితే గట్టిపడే దశలో వేడి అదుపు తప్పి లోపల బుడగలు మిగులుతాయి. పాలిమర్ వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి, లేజర్ పల్స్‌లన్నీ ఒకే చోట పడకుండా కడ్డీని జరుపుతూ ఉండు.

ఇక అసలు సంగతి. మా ల్యాబ్‌లో నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవారు. పనిలో దిట్ట. రోడమిన్ 6జీ అనే రంగు కలిపిన పీఎమ్ఎమ్ఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) కడ్డీని 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో పంప్ చేస్తున్నారు, అంటే ఆ కాంతితో రంగుకి శక్తినిస్తున్నారు. కళ్లకు 532కి సరిపడే నారింజ గాగుల్స్ ఉన్నాయి. కడ్డీకి రెండు వైపులా పెట్టే లేజర్ అద్దాలు ఇంకా బిగించలేదు, కాబట్టి లేజర్ రాదనుకున్నారు. కడ్డీ ఎంత సమంగా వెలుగుతోందో చూద్దామని చివరి వైపు వంగారు.

అమ్మడూ, పీఎమ్ఎమ్ఏ వక్రీభవన గుణకం దాదాపు 1.49. నున్నగా పాలిష్ చేసిన ముఖం ఒక్కొక్కటీ సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రంగులు కాంతిని పెంచే శక్తికి (గెయిన్) ఆ కాస్త చాలు. ముఖాలు సమాంతరంగా ఉంటే కడ్డీయే కాంతిని అటూ ఇటూ తిప్పి లేజర్ పుట్టించే రెజొనేటర్ అయిపోతుంది. వచ్చిన కిరణం పసుపు-నారింజది. ఆ గాగుల్స్ ఆకుపచ్చని ఆపుతాయి గానీ నారింజని దాదాపు యథాతథంగా వదిలేస్తాయి. కడ్డీ మెరుపు బాగా కనబడుతుందనే అందరం అవే ఎంచుకునేవాళ్లం! ఒక్క పల్స్‌తో ఆయన కంట్లో మధ్యన మచ్చ పడింది. అక్షరాలు చదవబోతే చూసే చోటే అక్షరం మాయమయ్యేది. అది తగ్గలేదు. తర్వాత నేనే పక్కన కూర్చుని ఆయనకు పేపర్లు చదివి వినిపించేవాణ్ని. గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి ఆయన మౌనంగా ఉండిపోయేవారు.

అందుకని గాగుల్స్ మీద రాసి ఉన్న అంకె ఒక్కటే చూడకు. పంప్ తరంగదైర్ఘ్యం, నీ రంగు లేజర్ ట్యూన్ అయ్యే మొత్తం పరిధి, రెండింటికీ ఓడీ (గాగుల్స్ కాంతిని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) ఎంతో చూడు. కనబడట్లేదని విసుక్కుని గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తావో, ఊరుకోను! కెమెరా పెట్టుకుని తెర మీద చూడు. కడ్డీ రెండు చివర్లూ సమాంతరంగా లేకుండా కాస్త వాలుగా పాలిష్ చేస్తే ఆ దొంగ లేజింగ్ కూడా తగ్గుతుంది. ఎప్పుడూ కిరణాల ఎత్తుకి కళ్లు దించకు, పంప్ ఆగి ఉందని ఎవరు చెప్పినా సరే.

కోప్పడ్డానని అనుకోకు. చిన్నప్పుడు సబ్బు బుడగల్లో రంగులు లెక్కపెట్టమని నన్ను వేధించిన పిల్లవి నువ్వు, ఆ కళ్లంటే నాకు భయం.

ఏ గాగుల్స్ కొన్నారో, వాటి స్పెసిఫికేషన్ కాగితంతో సహా ఫొటో తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే పంప్ లేజర్ స్విచ్ వెయ్యి.

మీ మామయ్య